పాతబడని దరువు: యూరోబీట్ పాటల మీద ఒక పరిశీలన

పాటను చెవితో వింటామని అందరూ అంటారు. కానీ కాలితో వినే పాటలు కూడా కొన్ని ఉన్నాయి. మాటలు అర్థం కాకపోయినా, పాడినవాళ్లెవరో తెలియకపోయినా, బల్ల కింద మన పాదం తనంతట తాను కదలడం మొదలుపెడుతుంది. డిస్కో, ఇటాలో డిస్కో, యూరోబీట్ అని రకరకాల పేర్లతో 1970ల నుంచి 1990ల దాకా ఐరోపాలో తయారైన నృత్యగీతాలు ఈ జాతికి చెందినవి. వచ్చిన కొత్తలో చాలామంది వీటిని ఒక సీజను సరుకు అనుకున్నారు. ఆ సీజను దాటి నలభై ఏళ్లు గడిచాయి. పాటలు మాత్రం పోలేదు. అప్పటికి పుట్టని మనం ఈనాడు వాటికి గంతులు వేస్తున్నాం.

ఎందుకిలా జరిగింది? గొప్ప సాహిత్యం, గొప్ప రాగాలు ఉన్న పాటలెన్నో మరుగున పడిపోతే, సాహిత్యం అంతంతమాత్రంగా ఉన్న ఈ పాటలు ఎట్లా నిలబడ్డాయి? ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఇదే. నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాను. భౌతికశాస్త్రం చదివే విద్యార్థిని, జగిత్యాల వైపు వరి, పసుపు పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. నాకు తెలిసిన ఈ రెండు విషయాల సాయంతోనే ఈ ప్రశ్నకు జవాబు వెతికాను.

పుట్టుపూర్వోత్తరాలు

డిస్కో అమెరికాలో పుట్టింది. మొదట్లో దానికి వయొలిన్లు, బాకాలు, పెద్ద వాద్యబృందం ఉండేవి. 1977లో ఒక మార్పు వచ్చింది. ఇటలీలో పుట్టి జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పనిచేస్తున్న జార్జియో మొరోడర్, తన సహచరుడు పీట్ బెలాట్‌తో కలిసి, డోనా సమ్మర్ అనే గాయని చేత 'ఐ ఫీల్ లవ్' అనే పాట పాడించాడు. అందులో వాద్యబృందం లేదు. దాదాపు మొత్తం సింథసైజర్ అనే విద్యుత్ యంత్రం నుంచి వచ్చిన ధ్వనే. మనిషి గొంతు మాత్రం మనిషిదే. ఇక ముందు నృత్యసంగీతం ఏ దారిన పోతుందో ఆ పాట చూపించింది.

రెండేళ్లకు, 1979 జూలై 12న, అమెరికాలోని షికాగో నగరంలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చివేశారు. అక్కడ డిస్కో మీద విసుగు అంతగా ముదిరింది. పెద్ద కంపెనీలు ఆ పాటలు తీయడం తగ్గించుకున్నాయి. కానీ ఐరోపాలో నాట్యశాలలు మూతపడలేదు. అమెరికా నుంచి సరుకు తగ్గేసరికి అక్కడివాళ్లే స్వయంగా తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి సింథసైజర్ల ధరలు దిగివచ్చాయి. 1980లో రోలండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ము యంత్రాన్ని, 1983లో యమహా కంపెనీ డీఎక్స్-7 అనే కీబోర్డును తెచ్చాయి. ముప్పై మంది వాద్యకారులు చేసే పని ఒక చిన్న గదిలో ఇద్దరు ముగ్గురు చేయగలిగారు.

ఇటలీలో ఇలా తయారైన పాటలకు ఇటాలో డిస్కో అనే పేరును జడ్‌వైఎక్స్ అనే జర్మనీ రికార్డు కంపెనీ ప్రచారంలోకి తెచ్చింది. 1983లో గజేబో పాడిన 'ఐ లైక్ షోపాన్', ర్యాన్ పారిస్ పాడిన 'డోల్చే వీటా', 1985లో బాల్టిమోరా పేరుతో వచ్చిన 'టార్జాన్ బాయ్' ఈ కోవలోనివి. జర్మనీ నుంచి 1984లో మోడర్న్ టాకింగ్ అనే జంట బయలుదేరింది. అంతకు ముందే ఫ్రాంక్ ఫారియన్ అనే జర్మన్ నిర్మాత బోనీ ఎం బృందంతో 'డాడీ కూల్', 'రాస్‌పుటిన్' వంటి పాటలను ప్రపంచమంతా తిప్పాడు. ఇంగ్లండ్‌లో స్టాక్, ఐట్‌కెన్, వాటర్‌మన్ అనే ముగ్గురు కలిసి ఇదే పద్ధతిలో పాటలు చేశారు.

వేగం మరికొంచెం పెంచి, తీగలాంటి సింథసైజర్ వరుసలు చేర్చితే వచ్చిన రూపమే యూరోబీట్. దీని చరిత్రలో విచిత్రం ఏమిటంటే, తయారైంది ఎక్కువగా ఇటలీలో, బతికింది జపాన్‌లో. 1990లో ఏవెక్స్ అనే జపాన్ కంపెనీ 'సూపర్ యూరోబీట్' అనే సంకలనాలు మొదలుపెట్టింది. ఆ వరుస 250 సంపుటాల దాకా పోయింది. అక్కడి యువతీయువకులు వరుసలు కట్టి, ఎక్కువగా చేతులతోనే ఆడే 'పారా పారా' అనే నాట్యానికి ఈ పాటలే ఆధారం. 1998లో కొండదారుల్లో కార్ల పందేల మీద వచ్చిన 'ఇనిషియల్ డి' అనే బొమ్మల ధారావాహికలో ఈ పాటలు వాడాక, డేవ్ రోడ్జర్స్ వంటి ఇటలీ గాయకులకు ప్రపంచమంతటా కొత్త అభిమానులు పుట్టారు.

మన దగ్గరికి వచ్చిన దారి

ఇది పరాయి సరుకు అని తోసిపారేయడానికి లేదు. ఈ కథలో మనవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. బెంగళూరులో పుట్టి ఇంగ్లండ్ వెళ్లిన బిద్దు 1974లో కార్ల్ డగ్లస్ చేత పాడించిన 'కుంగ్‌ఫూ ఫైటింగ్' అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలిచింది. అదే బిద్దు 1980లో 'ఖుర్బానీ' చిత్రం కోసం నాజియా హసన్ అనే బాలిక చేత ఒక పాట పాడించాడు. మరుసటి ఏడు వాళ్లిద్దరి 'డిస్కో దీవానే' వచ్చింది. 1982లో చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి వాద్యకారుడు రోలండ్ యంత్రాల మీద పది హిందూస్తానీ రాగాలను డిస్కో దరువుతో వాయించాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోని ఆ రికార్డును 2010లో మళ్లీ విడుదల చేస్తే ప్రపంచం ఆశ్చర్యపోయింది.

అదే 1982లో బప్పీ లహరి సంగీతంతో 'డిస్కో డాన్సర్' వచ్చింది. 1984లో సోవియట్ యూనియన్‌లో విడుదలైతే కోట్లమంది చూశారు. తెలుగులో దాన్నే బాలకృష్ణ గారితో 'డిస్కో కింగ్' పేరిట 1984లో తీశారు. సంగీతం చక్రవర్తి గారు. 1985లో వచ్చిన 'దొంగ' చిత్రంలో చిరంజీవి గారి మీద మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ధోరణిలో తీసిన పాటకూ ఆయనదే సంగీతం. ఆ తరువాత సూపర్‌స్టార్ కృష్ణ గారు స్వయంగా దర్శకత్వం వహించిన 'సింహాసనం' చిత్రానికి 1986లో బప్పీ లహరిని తీసుకువచ్చారు. కత్తులు, కిరీటాల జానపద కథకు డిస్కో సంగీతం! అయినా జనం మెచ్చుకున్నారు. 'స్టేట్ రౌడీ', 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' చిత్రాల నాటికి బప్పీ లహరి మనవాడైపోయాడు. 1991లో 'గ్యాంగ్ లీడర్'లో వచ్చిన వాన పాటను ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత 2012లో 'రచ్చ' చిత్రంలో మళ్లీ వాడుకున్నారు.

సినిమా కాకుండా ఇంకొక దారి కూడా ఉంది. మా వైపు నుంచి దుబాయి, మస్కట్ వెళ్లినవాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ తెచ్చేవాళ్లు. మా పెదబాపు తెచ్చిన సెట్టు ఇప్పటికీ మా ఇంట్లో ధాన్యం గుమ్మి పక్కన ఉంది. దాంతో వచ్చిన బోనీ ఎం క్యాసెట్‌ను పసుపు ఉడకబెట్టే రాత్రులు పొయ్యి దగ్గర పెట్టుకునేవాళ్లమని మా బాపు చెబుతాడు. ఆయన ఏడో తరగతితో చదువు మానేశాడు. ఇంగ్లీషు రాదు. "ఆ పాటల ఏమంటున్నరో నాకేం ఎరుక? నిద్ర రాకుండ చేసేది, గంతే" అన్నాడు, నేను గుచ్చి గుచ్చి అడిగితే. ఈ మాట దగ్గరికి మళ్లీ వద్దాం.

ఈ పాటల కట్టుబడి

అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ తెలియని విద్యార్థి ఉండడు. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక చిన్న కొట్టులో స్పీకర్ మార్చినప్పుడల్లా పరీక్షకు ఒకే పాత డిస్కో పాట పెట్టడం గమనించాను. ఎందుకని అడిగితే, "ఇది ఏ డబ్బాల పెట్టినా పలుకుతది" అన్నాడు ఆ కొట్టు అన్న. ఆయన ఊరికే అన్నా, ఆ మాటలో భౌతికశాస్త్రం ఉంది.

మొదటిది వేగం. డిస్కో పాటలు నిమిషానికి సుమారు 120 దెబ్బల చుట్టూ ఉంటాయి. మనిషి చురుకుగా నడిచే వేగం కూడా అదే. పొద్దున నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి గేటు వైపు సాగే జనాన్ని వాచీ పట్టుకుని లెక్కపెట్టి చూడండి, నిమిషానికి 110కీ 120కీ మధ్య అడుగులు పడతాయి. అంటే సెకనుకు రెండు. యూరోబీట్ పాటలు 150 నుంచి 160 దెబ్బల దాకా ఉంటాయి. అది పరుగెత్తే మనిషి అడుగుల వేగం. కాబట్టి డిస్కో నడక పాట, యూరోబీట్ పరుగు పాట. రెండూ మన శరీరంలో ముందే ఉన్న కొలతకు సరిపడేట్టు కుట్టిన బట్టల్లాంటివి. అందుకే నేర్పించే అవసరం లేదు.

రెండోది దరువు. నాలుగు దెబ్బలూ సమానంగా, ఒకే బలంతో పడతాయి. మన చతురశ్ర గతిలాగా లెక్క సాఫీగా ఉంటుంది. మధ్యలో చేరినవాడు కూడా ఒక్క క్షణంలో అందుకోగలడు. ఎక్కడ తప్పినా వచ్చే దెబ్బ దగ్గర మళ్లీ కలవొచ్చు.

మూడోది బేస్. ఈ పాటల్లో కింది స్వరం ఒకసారి మంద్రంలో, వెంటనే దాని పై స్థాయిలో, మార్చి మార్చి పలుకుతుంది. ఉదాహరణకు 55 హెర్ట్జ్, తర్వాత 110 హెర్ట్జ్. పౌనఃపున్యం రెండింతలు కావడం అన్నమాట. దీనివల్లనే గుర్రం దౌడు తీస్తున్నట్టు అనిపిస్తుంది. అయితే చిన్న ఫోను స్పీకర్ 55 హెర్ట్జ్ ధ్వనిని పలికించలేదు కదా, మరి ఎట్లా వినిపిస్తుంది? సింథసైజర్‌లో ఎక్కువగా వాడే రంపపు పళ్ల ఆకారపు తరంగంలో మూలస్వరంతో పాటు దాని అనుస్వరాలన్నీ ఉంటాయి. 55కు 110, 165, 220, 275, 330 హెర్ట్జ్ ఇలా. స్పీకర్ కింది వాటిని మింగేసినా పై వాటిని పలికిస్తుంది. వాటి మధ్య తేడా ఎప్పుడూ 55 కాబట్టి, అసలు లేని మూలస్వరాన్ని మన చెవి, మెదడు కలిసి పూరించుకుంటాయి. సగం పలికిన మాటను మనం అర్థం చేసుకున్నట్టే ఇది. మెత్తగా మోగే మంద్రస్వరం డబ్బా స్పీకర్‌లో చచ్చిపోతుంది. రంపపు తరంగం బతుకుతుంది. మంచి సెట్టు కొనలేని వాడికీ అందిన పాట ఇది.

నాలుగోది బాణీ. ఇది నాకు అన్నిటికన్నా వింతగా తోచింది. దరువు పండుగది, బాణీ మాత్రం చాలాసార్లు దుఃఖానిది. ఈ పాటల్లో ఎక్కువ భాగం మైనర్ స్వరశ్రేణిలో ఉంటాయి. మన లెక్కలో నఠభైరవి, కీరవాణి స్వరాలకు దగ్గర. ప్రేమ విఫలమైంది, రాత్రి అయిపోతోంది, నువ్వు వెళ్లిపోతున్నావు అనే భావాలు ఉంటాయి. అప్పగింతల వేళ సన్నాయి ఏడుస్తుంటే డోలు మాత్రం ఆగకుండా మోగినట్టు ఉంటుంది. కేవలం సంతోషమే ఉన్న పాట రెండు రోజుల్లో మొహం మొత్తుతుంది. సంతోషం కింద కొంచెం బాధ కలిసి ఉన్న పాట మళ్లీ మళ్లీ వినబుద్ధి అవుతుంది.

అయిదోది మాట. ఇటలీవాళ్లు, జర్మనులు తమది కాని ఇంగ్లీషులో రాశారు. కాబట్టి చిన్న చిన్న మాటలు, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి. పండితులకు ఇది లోపం. కానీ ఇంగ్లీషు రాని మా బాపుకు, జపాన్ యువకుడికి, రష్యా అమ్మమ్మకు ఇదే సౌకర్యం. రాసినవాడికే పరాయి భాష అయినప్పుడు వినేవాడు చిన్నబుచ్చుకోనక్కర లేదు.

నుమాయిష్‌లో చూసినది

ఈ సూత్రాలు నిజమో కాదో చూడాలంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ కన్నా మంచి ప్రయోగశాల లేదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, తర్వాత ఇప్పటి మైదానానికి మారిన నుమాయిష్ ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరుగుతుంది. జెయింట్ వీల్, ఊగే పడవల దగ్గర పెట్టే పాటలను రెండేళ్లుగా గమనిస్తున్నాను. కొత్త పాటల మధ్య మధ్య బప్పీ లహరి పాటో, బోనీ ఎం పాటో తప్పక పడుతుంది. అక్కడ పాతబస్తీ కుటుంబాలు, మార్వాడీ దుకాణదారులు, జిల్లాల నుంచి వచ్చిన రైతులు, ఈశాన్య రాష్ట్రాల ఉద్యోగులు ఒకే వరుసలో నిలబడి ఉంటారు. అందరికీ వచ్చిన భాష అంటూ ఒక్కటి లేదు. పాట మొదలుకాగానే తలలు మాత్రం ఒక్కసారిగా ఊగుతాయి. పడవ నడిపే ఆయనను అడిగితే ఇట్లా చెప్పాడు: "కొత్తది పెడితే పోరగాళ్లే ఊగుతరు. పాతది పెడితే వాళ్ల తాతలు గూడ ఊగుతరు."

ఈ ప్రాంతానికి దరువు కొత్త కాదు. నాంపల్లికి ఆనుకునే ఏ.సి. గార్డ్స్ ఉంది. నిజాం కాలంలో ఆఫ్రికా సంతతి సిద్దీలతో ఏర్పాటైన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వదళం పేరే ఆ వాడకు నిలిచిపోయింది. సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు ఈ నగరానికి మర్ఫా వాద్యాన్ని ఇచ్చారు. పెళ్లి ఊరేగింపు ఏ మతం వారిదైనా మర్ఫా మోగితే హైదరాబాదీ కాలు ఆగదు. మూడు దెబ్బల తీన్‌మార్ మన సొంతం అనుకుంటాం. అదీ ఒకప్పుడు సముద్రం దాటి వచ్చిందే. దరువుకు పాస్‌పోర్టు ఉండదు.

అభ్యంతరాలు

ఈసారి వార్షికోత్సవ కార్యక్రమాల గురించి మాట్లాడుకునేటప్పుడు ఒక సీనియర్ అన్న, "యూనివర్సిటీ కాలేజీ స్టేజి మీద జిమ్మీ జిమ్మీ ఏంది తమ్మీ? మనకో స్థాయి ఉండొద్దా?" అన్నాడు. ఆయన వాదనలో బలం లేకపోలేదు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకటి, ఇవి కాపీ పాటలని. నిజమే, 'జిమ్మీ జిమ్మీ' బాణీకి మూలం 1980లో ఫ్రాన్స్‌లో ఒటావన్ బృందం పాడిన పాట. మూలకర్తల పేరు చెప్పకుండా వాడుకోవడం న్యాయం కాదు. దీన్ని సమర్థించలేం. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి పాడటం మనం చేయగలిగిన పని.

రెండు, అన్నీ ఒక్కలాగే ఉంటాయని. ఇదీ నిజమే. కానీ ఇడ్లీలు కూడా అన్నీ ఒక్కలాగే ఉంటాయి. రోజూ కావలసిన వస్తువుకు అది గుణమే అవుతుంది.

మూడు, శబ్దకాలుష్యం. ఇది గట్టి అభ్యంతరం. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్ద తీవ్రత పదింతలు పెరిగినట్టు. ఊరేగింపుల్లో డీజే బాక్సులు గుండెల మీద గుద్దినట్టు మోగడం వల్లనే 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అయితే ఈ తప్పు పాటది కాదు, మీట తిప్పే చేతిది. పైన చెప్పినట్టు ఈ పాట చిన్న డబ్బాలో కూడా పలుకుతుంది కాబట్టి, గట్టిగా పెట్టవలసిన అవసరం దీనికి అసలే లేదు.

పాటకు పని

ఇక అసలు విషయానికి వస్తాను. స్థాయి అనేదాన్ని దేనితో కొలవాలి?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య బిరుదురాజు రామరాజు గారు 1950లలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. అప్పటికి ఊరూరా మోట పాటలు, రోకటి పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు ఉండేవి. అవి ఎంత మంచి పాటలో ఎవరూ కాదనరు. ఈనాడు మోట పాట ఎవరు పాడుతున్నారు? బావి మీదికి కరెంటు మోటారు వచ్చింది, మోట పోయింది, దాంతో పాట పోయింది. బియ్యం మిల్లు వచ్చి రోకటి పాటను తీసుకుపోయింది. మా అమ్మమ్మకు నాట్ల పాటలు చాలా వచ్చు. మా మడుల్లో ఇప్పుడు నాట్లు వేసేది బీహారు, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు. వాళ్లు తాడు పట్టి చకచకా నాటుకుపోతారు. చెవుల్లో ఫోను పాటలు. అమ్మమ్మ ఒడ్డు మీద కూర్చుని చూస్తుంది. ఆమె గొంతు బాగానే ఉంది. పాటకే పని లేకుండా పోయింది.

బతుకమ్మ పాట మాత్రం బతికే ఉంది. ఎందుకు? ఏటా తొమ్మిది రోజులు ఆడవాళ్లు గుండ్రంగా తిరిగే పని ఇంకా ఉంది కాబట్టి. ఒకరు చెప్పడం, అందరూ అందుకోవడం, చప్పట్ల లెక్క, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, అడుగు వేయడం తెలిస్తే చాలు ఎవరైనా కలవొచ్చు. చూడండి, పైన యూరోబీట్‌కు చెప్పిన లక్షణాలకు ఇవి ఎంత దగ్గరో.

దీన్నిబట్టి నాకు తోచిన సూత్రం ఇది: పాట అందం వల్ల మాత్రమే బతకదు, పని వల్ల బతుకుతుంది. యూరోబీట్ పాటకు అప్పజెప్పిన పని ఒక్కటే, ఒకరికొకరు తెలియని మనుషులను ఒక లెక్క మీద కలిపి కదిలించడం. ఆ పని ఇంకా తీరలేదు. నగరాలు పెరిగే కొద్దీ తెలియని మనుషులే ఎక్కువవుతున్నారు కాబట్టి, పని పెరిగిందనే చెప్పాలి. అందుకే ఈ పాట ఒకచోట పని అయిపోతే ఇంకోచోట కూలికి పోయినట్టు పోతుంది. ఇటలీ నాట్యశాలల్లో పని తగ్గితే జపాన్ పోయింది. 1978 నాటి 'రాస్‌పుటిన్' 2021లో కేరళలో త్రిశూర్ వైద్య కళాశాల విద్యార్థులిద్దరికి పనికొచ్చింది. కోవిడ్ రోజుల్లో, ఆస్పత్రి దుస్తుల్లోనే కళాశాల వరండాలో వాళ్లు వేసిన ఆ కొద్ది సెకన్ల అడుగులను దేశమంతా చూసి కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఇంకా గొప్ప ఉదాహరణ చైనాది. 2022 చివర్లో అక్కడి నగరాల్లో కోవిడ్ ఆంక్షల వల్ల ఇళ్లలో బందీలై, తిండి గింజలకు కటకటలాడినవాళ్లు 'జిమ్మీ జిమ్మీ' పాటను పట్టుకున్నారు. చైనా భాషలో 'జ్యే మీ' అంటే 'బియ్యం అప్పివ్వండి' అని. ఖాళీ గిన్నెలు చూపిస్తూ ఆ పాటకు ఆడి, ఆ దృశ్యాలను ఫోన్లలో పంచుకున్నారు. నోరు విప్పి అనలేని మాటను నవ్వుతూ పాటలో అన్నారు. ఫ్రాన్స్ బాణీ, బొంబాయి పాట, చైనా ఆకలి. బప్పీ లహరి ఆ ఏడు ఫిబ్రవరి 15ననే కన్నుమూశారు, తన పాట చేసిన ఈ పనిని చూడలేదు. వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, బియ్యం అడగడానికి పనికొచ్చిన పాటకు స్థాయి లేదంటే నేను ఒప్పుకోలేను. ఆకలిని దాచకుండా చెప్పగలిగినది చిన్న పాట ఎట్లా అవుతుంది?

మా బాపు మాట కూడా ఇదే కదా. పసుపు ఉడికే రాత్రి నిద్ర రాకుండా చేయడం ఆ పాట పని. ఆ పని అది చేసింది. అర్థం తెలియకపోయినా అక్కర తెలిసింది.

ముగింపు

ఇంతవరకు చెప్పినదాని సారాంశం: నడకకూ పరుగుకూ సరిపోయే వేగం, ఎవరైనా అందుకోగల దరువు, పేదవాడి స్పీకర్‌లో కూడా పలికే బేస్, కొంచెం దుఃఖం కలిసిన బాణీ, పరాయివాడికి కూడా నోరు తిరిగే మాట, వీటివల్ల ఈ పాటలు ఏ పనికైనా సిద్ధంగా ఉన్నాయి. పని దొరుకుతూనే ఉంది కనుక బతుకుతూనే ఉన్నాయి.

ఇది తెలిశాక మనమీద ఒక బాధ్యత కూడా పడుతుంది. బప్పీ లహరి పాటను కాపాడటానికి మన అవసరం లేదు, దాని సంగతి అది చూసుకోగలదు. పని పోయిన పాటల సంగతి వేరు. మన కాలేజీలో సగం మందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లం. అందరి జేబుల్లో ఫోను ఉంది. దసరాకో సంక్రాంతికో ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి, వాళ్లకు వచ్చిన నాట్ల పాటలు, తిరగలి పాటలు రికార్డు చేయండి. ఏ ఊరు, ఏ పని చేసేటప్పుడు పాడేవాళ్లు, ఎంత వేగంతో పాడేవాళ్లు, రాసి పెట్టండి. మా అమ్మమ్మవి పదకొండు పాటలు ఇప్పటికి నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని వాచీ పెట్టి లెక్కగట్టాను. నిమిషానికి సరిగ్గా 118 దెబ్బలు. దానికి కొత్త పని వెతికిపెట్టడం మన తరం చేతుల్లో ఉంది.

— బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి